రెంటచింతలకు మంచు తోలిన వైనం

మే నెలలో మంచు చూడాలనిపిస్తే బుద్ధిమంతులు కాశ్మీరు వెళ్తారు, డబ్బున్నవాళ్ళు స్విట్జర్లాండు వెళ్తారు. నేను రెంటచింతల వెళ్ళాను.

పల్నాడు వైపు ఎప్పుడూ రాని పాఠకుల కోసం ఒక్క మాట. వేసవి వచ్చిందంటే టీవీ వార్తల్లో రెంటచింతల పేరు ముఖ్యమంత్రి పేరు కంటే ఎక్కువసార్లు వినిపిస్తుంది. అక్కడి కోళ్ళు ఉడకబెట్టిన గుడ్లే పెడతాయని నేను చాలా ఏళ్ళుగా రాస్తున్నాను. ఇంతవరకూ ఒక్క కోడి కూడా ఖండించలేదు. అలాంటి ఊరికి మేం ట్రాలీ ఆటోలో తోలుకెళ్ళిన సరుకేమిటో తెలుసా? ఉత్తర ధ్రువం పక్కనున్న మంచు, ఆ మంచు మీద వేటగాళ్ళు, బండి లాగే కుక్కలు, ఒక నిండు తిమింగలం. అన్నీ కాగితం మీద, నల్ల సిరాతో గీసినవి.

మేం అంటే ముగ్గురం. మొదటిది మా తమ్ముడి కూతురు శైలజ, నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. రెండు, డ్రైవరు కోటయ్య. ఇతని ఆటో మామూలు రోజుల్లో నాపరాళ్ళు మోస్తుంది, ఎన్నికలప్పుడు నాయకుల్ని పొగుడుతుంది. అందుకని నెత్తిన మైకు శాశ్వతంగా ఉంటుంది. మూడోవాణ్ణి నేను. నేనెందుకు వెళ్ళానో మా ఆవిడ ఇప్పటికీ అడుగుతోంది.

అలాస్కాలో, భూమి పైకొసన, సముద్రం ఒడ్డున ఇనూపియాక్ అనే జనం ఉంటారు. ఆ జనంలో ఒక పెద్దావిడ తన చిన్ననాటి బతుకునూ, తన పెద్దవాళ్ళు చెప్పిన బతుకునూ సిరాతో గీస్తుంది. ఫోన్లో బొమ్మలు వేసేవాళ్ళ గ్రూపు ఒకటి ఉంటే, అందులో మా శైలజకూ ఆవిడకూ స్నేహం కలిసింది. శైలజ ఆవిడను 'ఆనా' అంటుంది. నాయనమ్మను వాళ్ళ భాషలో అలా పిలుస్తారట. ఆనా ఒక డజను బొమ్మలు పార్సిల్లో పంపింది. మా పిల్ల బదులుగా గుంటూరు కారప్పొడి పంపింది. ఉత్తర ధ్రువంలో మంచు మరీ తొందరగా కరుగుతోందన్న వార్త నేను ఆ తర్వాతే చదివాను. ఎవర్నీ నిందించడం లేదు.

ఇక ప్రయాణం సంగతి. ప్రైవేటు స్కూలు టీచర్లకు వేసవిలో సెలవులుండవు, అడ్మిషన్లుంటాయి. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పట్టుకు రావాలి. ఈ ఏడు శైలజ స్కూలు కరస్పాండెంటు గారు ఇంకో అడుగు వేసి, జూన్ నుంచి డ్రాయింగ్ పీరియడ్ ఎత్తేసి దాన్ని ఐఐటీ ఫౌండేషన్‌కి ఇస్తానన్నారు. పీరియడ్ పోతే టీచరూ పోతుంది. శైలజ బతిమాలింది. ఆయన కాసేపు ఆలోచించి, "ఆదివారం సాయంత్రం మాచర్లలో మన కొత్త బ్రాంచి కాడ నీ బొమ్మలు పెట్టమ్మా. నేనొస్తా. జనం నిలబడి చూస్తే పీరియడ్ ఉంటది. లేదంటే నన్నేమీ అనుకోవద్దు," అన్నారు.

మాచర్లకు నేరుగా వెళ్ళొచ్చు. కానీ బొమ్మల్ని జనానికి చూపించడం ముందు అలవాటు కావాలని, శుక్రవారం పొద్దున్నే బయల్దేరి ఊరూరా ఆగుతూ వెళ్ళాం.

క్రోసూరు: దేవుడి పటాలు లేవా?

బొమ్మల్ని ప్లైవుడ్ చెక్కలకు బిగించి, పైన పారదర్శకంగా ఉండే పాలిథిన్ తొడిగి, ఆటో మూడు వైపులా వేలాడదీశాం. మార్కెట్ దగ్గర ఆపాం. జనం బాగానే వచ్చారు. వచ్చి, ఇలా అడిగారు:

"దేవుడి పటాలు లేవా?"

"క్యాలెండర్ ఎంత? తేదీలేయి?"

"రంగులెయ్యడం మరిచారా ఏంది?"

మజ్జిగ అమ్మే ఒకామె మాత్రం ఆటో పక్కనే చాలాసేపు నిలబడింది. శైలజ సంబరపడి బొమ్మ గురించి చెప్పబోతే, "నీడ బాగుందమ్మా, నిలబడ్డా," అంది. గ్లాసు పది రూపాయలు. అందులో పచ్చిమిరపకాయ ఎంత నూరిందంటే, తాగాక నాకు రెండు చెవుల్లోంచీ రైలు కూత వినిపించింది.

శైలజ ముఖం వాడిపోయింది. పీరియడ్ పోయినట్టేనని ఆ ముఖంలో రాసి ఉంది. నేను చూడలేకపోయాను. కోటయ్య చేతిలో మైకు లాక్కున్నాను.

"అమ్మలారా, అయ్యలారా! ప్రపంచంలో ఎక్కడా లేని వింత! ఇవాళ ఇక్కడ, ఆదివారం మాచర్లలో! ఏడంటే ఏడు కుక్కలు! కొండంత బరువును మంచు మీద లాగి అవతల పారేసిన కుక్కలు! వాటి ముందు ఎద్దులెంత, ఏనుగులెంత!"

ఈ చివరి వాక్యం పల్నాడులో అనకూడనిది. ఇక్కడ కొందరు మోతుబరులు ఎద్దుల్ని దుక్కి కోసం పెంచరు, పరువు కోసం పెంచుతారు. ఒంగోలు జాతి జతకు జీడిపప్పు పెట్టి, నూనె రాసి, పోటీల్లో టన్నుల బరువున్న బండరాళ్ళను లాగిస్తారు. గెలిచిన ఎద్దు ఫొటో హాల్లో ఉంటుంది. తాతగారిది వంటింట్లోకి జరుగుతుంది.

జనం చీలారు. మధ్యలోంచి ఒక పెద్దాయన వచ్చాడు. మెడలో పచ్చ తువాలు, చేతిలో ములుగర్ర, మీసం ఒక్కోవైపు ఒక్కో మండలం దాకా ఉంది. పేరు గురవయ్య. చుట్టుపక్కల జతల్లో ఆయన జతకున్న పేరు ఇంకే జతకూ లేదని కోటయ్య నా చెవిలో ఊదాడు.

"ఏందీ, కుక్కలు లాగినయ్యా?" అన్నాడు గురవయ్య.

"లాగడమా బాబాయ్! ఇంటిల్లిపాదినీ, పొయ్యితో సహా!"

"ఎంత దూరం?"

"ఇక్కణ్ణుంచి హైదరాబాదంత. మధ్యలో టీకి కూడా ఆగకుండా."

ఆయన బొమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఒక పొడవాటి తాడుకు కట్టిన ఏడు కుక్కలు, వెనక చెక్కబండి, దాని మీద తోలుదుస్తుల్లో ఒక మనిషి. గురవయ్య ములుగర్రతో తాడును చూపించాడు. "కాడి లేదు. పట్టీ రొమ్ముకేశాడు. ఇదేం కట్టుడయ్యా? నా జత ముందు ఇయ్యి నాలుగడుగులు ఎయ్యవు."

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. "నాలుగా? నీ జత నిద్ర లేచేలోపు ఇవి గెలిచి ఇంటికెళ్ళి పడుకుంటాయి బాబాయ్," అన్నాను.

ఒక్కసారిగా జనమంతా "ఓ..." అన్నారు. సెల్‌ఫోన్లు లేచాయి. గురవయ్య తువాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు.

"ఆదివారం మాచర్లలో ఉంటన్నారుగా? నా జతను ఎక్కించుకొస్తా. నీ కుక్కల్ని తెప్పించు. మాటంటే మాటే."

ఆయన వెళ్ళిపోయాక శైలజ నా వైపు చూసింది. "పెదనాన్నా, అది సిరా బొమ్మ. కుక్కల్ని ఎక్కణ్ణుంచి తెస్తావ్?"

"అరె, ఏదో ఆవేశంలో అన్నాడమ్మా. ఎవరొస్తారు?"

"గురవయ్య బాబాయి అన్నాడంటే వస్తాడు సార్," అన్నాడు కోటయ్య, మైకు తీగ చుట్టుకుంటూ. అతని గొంతులో నాకు నచ్చని ఉత్సాహం ఏదో ఉంది.

పిడుగురాళ్ల: ఇక్కడ ముందే కురిసింది

బెల్లంకొండ మీదుగా శనివారం పిడుగురాళ్ల చేరాం. సున్నపు బట్టీల ఊరు. రాయిని కాల్చి సున్నం చేస్తారు. ఆ దుమ్ము చెట్ల మీద, కప్పుల మీద, గేదెల మీద, గేదెల మీద కూర్చున్న కాకుల మీద కూడా ఉంటుంది. తెల్ల కాకిని చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. ఉత్తర ధ్రువం వాళ్ళు ఈ ఊరొస్తే ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తారు; ఎండ తగిలాక ఇంకా గట్టిగా ఏడుస్తారు.

ఒక బట్టీ పక్కన ఆపాం. పని మధ్యలో నీళ్ళు తాగడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆటో చుట్టూ మూగారు. ముక్కులకు కట్టుకున్న గుడ్డలు కిందికి లాగి మరీ చూశారు. ఒకామె ఒక బొమ్మ ముందు ఆగి కేక పెట్టింది.

"ఏమే సీతమ్మా, ఇటు రాయే! ఈమె చంటిదాన్ని చొక్కాలో ఏసుకుందే!"

సీతమ్మ వచ్చి చూసింది. బొమ్మలో ఒక తల్లి మంచులో నడుస్తోంది. తోలు చొక్కా వీపు భాగం ఉబ్బి ఉంది. భుజం వెనక నుంచి పిల్ల ముఖం తొంగి చూస్తోంది.

"నవ్వతందే, ముదనష్టపుది! చలి లేదా దానికి?"

"తల్లి ఒంటి వేడి చాలక్కా," అంది శైలజ.

"మరి పాలెట్టా ఇస్తది? అంత చలిలో చొక్కా ఇప్పిద్దా?"

"ఇప్పదు. చొక్కా వదులుగా ఉంటది. పిల్లని లోపల్లోపలే ముందుకు తిప్పుకుంటది."

ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. అలాస్కా మీద వాళ్ళకు ఆ క్షణం నుంచి గౌరవం పుట్టింది. సీతమ్మ తన తలగుడ్డ తీసి వీపుకు కట్టుకుని, పక్కామెను పిల్లలా ఎక్కమంది. ఆ పక్కామె నాకు రెండింతలుంది. ఇద్దరూ సున్నం గుట్ట మీద దబ్బున పడి, లేవలేక నవ్వారు. బట్టీ మేస్త్రి అరుస్తున్నా వినిపించుకోలేదు.

"ఇంతకీ మంచు ఏదమ్మా?" అంది సీతమ్మ లేచి దులుపుకుంటూ. "కాగితం ఖాళీగా ఇడిసిపెట్టింది?"

"అదే మంచు అక్కా. ఆనా మంచును గియ్యదు. చుట్టూ ఉన్నవన్నీ గీస్తే, గియ్యకుండా వదిలేసిందే మంచవుద్ది."

సీతమ్మ కళ్ళు చిన్నవి చేసి చూసింది. "అవునే. ఉంది," అంది మెల్లగా.

ఈలోగా ఒక గాలి దుమారం వచ్చి, సీలు అనే సముద్రజంతువు కోసం పొంచి కూర్చున్న వేటగాడి బొమ్మను చెక్కతో సహా ఊడదీసింది. నేను దాని వెనక పరిగెత్తాను. నా వయసుకు, నా పొట్టకు, అది ఒలింపిక్స్ స్థాయి పరుగు. తారు రోడ్డు మీద చెప్పు అతుక్కుపోతే దాన్ని అక్కడే వదిలి, ఒంటి కాలి చెప్పుతో బొమ్మను పట్టుకున్నాను. పాలిథిన్ పుణ్యమా అని బొమ్మకు ఏమీ కాలేదు. పాదానికి మాత్రం వేడి తారు ముద్ర పడింది. వేలిముద్ర బదులు దాన్నే రిజిస్ట్రాఫీసులో వాడదామనుకుంటున్నాను.

సాయంత్రం మిరపకాయ బజ్జీల బండి దగ్గర కూర్చున్నాం. ప్లేటు ముప్ఫై. ఒక్కో బజ్జీ చిన్న సైజు పడవంత ఉంది. బండాయన నూనెలో గరిటె తిప్పుతూ, తలెత్తకుండా అడిగాడు. "మీరేనా సార్ కుక్కల వాళ్ళు?"

బజ్జీ నా గొంతులో అడ్డం పడింది.

"రేపు మాచర్లలో ఎద్దులకీ కుక్కలకీ పోటీయంటగా. ఈడియో అందరి ఫోన్లలో ఉంది. మా బామ్మర్దులు జీపు మాట్టాడారు. కుక్కలు ఇమానంలో దిగినయ్యా?"

ఫోన్ తెచ్చి చూపించాడు. అందులో నేనే. ఎవరో వెనక డప్పులు కూడా కలిపారు. శైలజ ప్లేటు పక్కన పెట్టేసింది. "పెదనాన్నా, రేపు మైకు నాది," అంది. ఆ మాట నాకు మిరపకాయ కంటే ఎక్కువ మండింది.

గురజాల: తిమింగలం పోగులు

ఆదివారం పొద్దున గురజాల చేరేసరికి, రోడ్డు పక్క ఒక రేకుల షెడ్డు కింద పొట్టేలు పోగులు వేస్తున్నారు. పట్నం పాఠకులకు తెలియకపోవచ్చు. పదిమంది కలిసి ఒక పొట్టేలు కొంటారు. కోసి, ఎముక, మెత్తన, కార్జం అన్నీ సమంగా కలిసేట్టు తాటాకుల మీద పోగులు పెడతారు. ఎవరి పోగు ఏదో ఎలా తేలుతుంది? ఒకడు వీపు తిప్పుకుని నిలబడతాడు. ఇంకొకడు ఒక పోగు మీద కర్ర పెట్టి "ఇదెవరిది?" అంటాడు. వెనక్కి చూడకుండా వాడు ఒక పేరు చెప్తాడు. అంతే, సుప్రీంకోర్టు కూడా మార్చలేదు.

పంపకం అయ్యాక ఆ జనం మాంసం సంచులతోనే ఆటో దగ్గరికి వచ్చారు. వాళ్ళు ఆగిన బొమ్మ తిమింగలానిది. ఒడ్డుకు లాగిన తిమింగలం ఊరంత ఉంది. చుట్టూ పొడవాటి కత్తులతో జనం కోస్తున్నారు. మంచు మీద వరసగా మాంసం కుప్పలు. ఒక్కో కుప్ప పక్కన ఒక్కో మనిషి.

"ఒరేయ్, పోగులేస్తన్నార్రా!" అన్నాడు ఒకాయన, తప్పిపోయిన చుట్టాన్ని చూసినట్టు.

మరుక్షణం నుంచి అది అలాస్కా కాదు, గురజాలే. తలకాయ ఎవరికి? పడవ యజమానికి రెండు పోగులా, ఒకటేనా? ముసలివాళ్ళకు మెత్తన ఇస్తారా? శైలజ తనకు తెలిసినంత చెప్పింది: తిమింగలం ఏ ఒక్కరిదీ కాదు, వేటకు వెళ్ళిన పడవలకు వాటాలుంటాయి, వేటకు వెళ్ళలేని ఇళ్ళకు కూడా మాంసం చేరుతుంది, చర్మాన్ని కొవ్వుతో సహా ముక్కలుగా తింటారు.

"పచ్చిదా?"

"పచ్చిది కూడా తింటారు బాబాయ్."

"మసాలా?"

"లేదు."

"పాపం," అన్నాడాయన, మనస్ఫూర్తిగా.

అంతలో కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన వేలు పెట్టి లెక్క చూసి, "ఆగండ్రా! ఈడ ఒక పోగు ఎక్కువుంది. పక్కన మనిషి లేడు," అన్నాడు. నిజమే. చివర ఒక కుప్ప ఒంటరిగా ఉంది. షెడ్డు కింద అసెంబ్లీ మొదలైంది. అది చనిపోయినవాళ్ళదని ఒకడు, దేవుడిదని ఒకడు, కోసినవాడు నొక్కేశాడని ఒకడు. ఈ మూడో వర్గానికే మద్దతు ఎక్కువ. మాంసం సంచుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, ఇళ్ళ దగ్గర మసాలాలు నూరి ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు, ఎవరూ కదలరు.

"ఆమెనే అడగమ్మా!" అన్నారు చివరికి.

శైలజ ఆనాకు ఫోన్ చేసింది. అక్కడింకా శనివారం సాయంత్రమే. స్క్రీను మీద ముడతల ముఖం, గుండ్రటి నవ్వు, వెనక కిటికీలో వెలుగు. ఈ నెలలో అక్కడ సూర్యుడు అస్తమించడట. అంత ఎండ ఉండీ ఆవిడ స్వెట్టరు వేసుకుంది. ఎండను వాడుకోవడం చేతకాని జనం. శైలజ ప్రశ్న అడిగి, జవాబు విని, పకపకా నవ్వి, తెలుగులో చెప్పింది.

"ఆ మనిషి ఉన్నాడంట. అతని దాకా వచ్చేసరికి కాగితం అయిపోయిందంట!"

కళ్ళజోడాయన తొడ చరిచాడు. "చూశారా! బయట నిలబడ్డాడు. దొంగతనం లేదు. పంపకం సరైందే!" అని తీర్పిచ్చి, తన సంచిలోంచి ఒక కార్జం ముక్క తీసి ఫోన్‌కి చూపించాడు. ఆవిడ అక్కణ్ణుంచి బొటనవేలెత్తింది.

రెంటచింతల: అసలు మంచు

మిట్టమధ్యాహ్నానికి చేరాం. రోడ్డు మీద మనిషి లేడు. కుక్కలు కరెంటు స్తంభం నీడలో ఒకదాని వెనక ఒకటి వరసగా పడుకుని, నీడతోపాటు జరుగుతున్నాయి. నా నీడ కూడా నన్ను వదిలి ఎక్కడో పందిరి కిందికి పోయిందని నా అనుమానం.

ముంజలు కొట్టే ఒక తాత పాక ముందు ఆగాం. వంద రూపాయలకు దోసిలి నిండా ఇచ్చాడు. పగటి నిద్ర నుంచి ఒక్కొక్కరే లేచి వచ్చారు. మైకు శైలజ చేతిలో ఉంది కానీ, ఆమె ఆన్ చెయ్యలేదు. వేటగాడి బొమ్మ దించి, తాటాకు చాప మీద పెట్టి మామూలు గొంతుతో చెప్పింది. సముద్రం గడ్డకట్టి ఉంటుంది. సీలు ఊపిరి పీల్చుకోవడానికి గడ్డలో ఒక చిన్న కన్నం పెట్టుకుంటుంది. వేటగాడు ఆ కన్నం పక్కన కదలకుండా కూర్చోవాలి. అడుగు చప్పుడైతే ఆ పూట ఇంట్లో పస్తే.

"ఎంతసేపు కూచుంటాడు?" అన్నాడు తాత.

"గంటలు గంటలు తాతా."

"ఆ చల్లదనానికి నేనైతే పై ఏడు దాకా కూచుంటా."

అందరూ నవ్వారు కానీ, ఎవరూ బొమ్మ మీద నుంచి కళ్ళు తియ్యలేదు. ఒక ముసలమ్మ వచ్చి, కాగితం ఖాళీగా ఉన్న చోట పాలిథిన్ మీద అరచెయ్యి ఆనించింది. కాసేపుంచి, ఆ చేతిని చెంపకు రాసుకుంది. చూసి ఇంకో ఆమె. తర్వాత వరసకట్టారు. నమ్మండి, నమ్మకపోండి, నేనూ ఆనించాను. చల్లగానే ఉంది. ఇందులో నేను పెంచి చెప్పింది ఏమీ లేదు.

శైలజ ముఖం ఈ మూడు రోజుల్లో ఎప్పుడూ లేనంతగా వెలిగింది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఒక లారీ హారన్ కొడుతూ దూసుకెళ్ళింది. వెనక రెండు తెల్లటి మూపురాలు. క్యాబిన్ కిటికీలోంచి పచ్చ తువాలు రెపరెపలాడింది.

"కుక్కలొచ్చినయ్యా?" అని అరిచాడు గురవయ్య.

మాచర్ల: తువాలు కింద చెయ్యి

మాచర్లలో స్కూలు కొత్త బ్రాంచి ముందు ఖాళీ స్థలంలో ఎంత జనం ఉన్నారంటే, కృష్ణకు ఇటువైపు ఇళ్ళలో ఎవరూ మిగల్లేదు, అటువైపు నుంచి కూడా కొందరు ఈదుకొచ్చారు. ఐసు బండ్లు, శనగల బండ్లు, పిల్లలు ఎక్కిన గోడలు. కరస్పాండెంటు గారు మెట్ల మీద నిలబడి, ఆనందంతో చెమటలు తుడుచుకుంటున్నారు.

"ఏందమ్మా శైలజా ఇది! బొమ్మలకి ఇంత జనమా! నేను నమ్మలా చూడు!"

శైలజ నోరు తెరిచే లోపే జనంలోంచి కేకలు లేచాయి. "కుక్కలేయి? కుక్కల్ని దించండి!"

కరస్పాండెంటు గారి చేతిరుమాలు ఆగిపోయింది. "ఏ కుక్కలు?"

స్థలం మధ్యలో గురవయ్య తన జతతో నిలబడ్డాడు. నేను పెంచి చెప్పడానికి ఆ ఎద్దుల్లో ఖాళీ లేదు. పాలకంటే తెల్లగా, రెండు గుళ్ళు పక్కపక్కన నిలబడ్డట్టున్నాయి.

నేను ఆటో వెనక్కి జరిగాను. కోటయ్య అప్పటికే అక్కడున్నాడు. శైలజ మాత్రం ఆటో పైకెక్కి మైకు ఆన్ చేసింది.

"కుక్కల్లేవండి. రావు. అవి బొమ్మలో కుక్కలు. మా పెదనాన్న జనాన్ని ఆపడానికి లేనిపోనివి చెప్పాడు. మీరంతా ఎండలో వచ్చారు. తప్పు మాదే."

నేను అంతమంది జనం ఒకేసారి ఊపిరి పీల్చడం ఎప్పుడూ వినలేదు. ఎవరో ఐసుపుల్ల విసిరారు. అది నాకే తగిలింది. కరస్పాండెంటు గారు జేబులోంచి కారు తాళాలు తీశారు.

"గురవయ్య తాతా," అంది శైలజ, మైకులోనే. "కుక్కల్ని తేలేను. మీ జతను కాసేపు కదలకుండా నిలబెడతారా? ఆ కుక్కల్ని అక్కడ ఎట్టా గీశారో, మీ ఎద్దుల్ని ఇక్కడ అట్టా గీస్తా."

గురవయ్య మీసం కింద ఏమనుకున్నాడో తెలియదు. "సరిగ్గా రాకపోతే?" అన్నాడు.

"చెరిపేస్తా."

బ్రాంచి ప్రహరీకి ఆ వారమే తెల్ల సున్నం వేశారు. శైలజ సిరా సీసా వంచి, వెడల్పాటి కుంచె ముంచింది. "అమ్మా, ఆ గోడ మీద రేపు ర్యాంకులు రాయించాల!" అని కరస్పాండెంటు గారు అరిచేలోపు మొదటి గీత పడిపోయింది.

కాడి గీసింది. పలుపుతాడు, మెడలో మువ్వలు. కొమ్ములు. తర్వాత గంగడోలు కింద ఒక ముడత నీడ. గురవయ్య వెనకే నిలబడి నస పెడుతున్నాడు: "ఎడమదాని కొమ్ము ఇంకా వంపుంటది... ఆ, అట్టా. మూపురం కుడిపక్కకి వాలుద్ది." శైలజ సరిదిద్దుకుంటూ పోయింది. కళ్ళు, ముట్టె, గిట్టలు, తోక కుచ్చు, ఇవి మాత్రమే నల్లగా నింపింది. ఒంటి మీద సిరా చుక్క పెట్టలేదు. ఒక దశ దాకా గోడ మీద విడివిడి గీతలే ఉన్నాయి. ఆ తర్వాత, ఎప్పుడో చెప్పలేను, గోడలోంచి రెండు తెల్లటి ఎద్దులు బయటికొచ్చి నిలబడ్డాయి.

ఐసు బండి గంట కూడా ఆగింది.

గురవయ్య గోడ దగ్గరికి వెళ్ళి ఎడమ ఎద్దు నుదురు నిమరబోయి, తడి చూసి ఆగాడు. అక్కణ్ణుంచి నేరుగా ఆటో దగ్గరికి వచ్చి, ఆనా గీసిన కుక్కల్ని మళ్ళీ చూశాడు. ఈసారి ములుగర్ర ఎత్తలేదు. "ఈ ముందు కుక్క మెడ తిప్పి ఎనక్కి చూస్తంది. తోలేవాడి గొంతు కోసం. నా ఎడమెద్దు కూడా అంతే, నేను అదిలిస్తేగానీ అడుగెయ్యదు," అన్నాడు. ఆయన వెనకే జనం కదిలారు. తల్లి చొక్కాలో పిల్ల, తిమింగలం, పడవకు తోలు కుట్టే ఆడవాళ్ళు, ఒక్కో బొమ్మ ముందు గుంపు. కుక్కల సంగతి అడిగినవాడు లేడు.

కరస్పాండెంటు గారు తాళాలు మళ్ళీ జేబులో వేసుకున్నారు.

గురవయ్య ఆయన దగ్గరికి నడిచాడు. "ఏమయ్యా, ఈ గోడ నేను ఇంటికి మోసుకుపోలేను. మా కూతుర్ని ఈ ఊరే ఇచ్చా. మా మనవరాలు ఇట్టా నేర్చుకుంటే మా ఇంటి గోడ మీదేస్తది. నీ బళ్ళో చేర్పిస్తా. ఈ పాఠం వారానికి ఎన్నిసార్లు?"

"అదే... ఆలోచిస్తన్నాం," అన్నారు కరస్పాండెంటు గారు. "ఫౌండేషన్ కోర్సు కూడా చూసుకోవాలిగదా..."

"అట్టా కాదు." గురవయ్య మెడలో తువాలు తీసి కరస్పాండెంటు గారి కుడిచేతి మీద కప్పాడు. జనం ఈలలు వేశారు. సంతలో ఎడ్ల బేరం ఇలాగే జరుగుతుంది. తువాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అంత. నోటితో ఎవరూ ధర చెప్పరు, చూసేవాళ్ళకు అంతు చిక్కదు. చెయ్యి బయటికొచ్చాక మాట తప్పడం మాత్రం ఉండదు.

గురవయ్య తన చెయ్యి పెట్టబోయి ఆగాడు. శైలజ వైపు తిరిగాడు. "సరుకు నీదమ్మా. బేరం నువ్వే ఆడుకో."

ఏ సంతలోనూ తువాలు కింద ఆడపిల్ల చెయ్యి పెట్టగా నేను చూడలేదు, విననూ లేదు. శైలజ కుంచె కింద పెట్టి, సిరా కారుతున్న చేతిని తువాలు కిందికి దూర్చింది. జనం మెడలు సాచారు. కరస్పాండెంటు గారు తల అడ్డంగా ఊపారు. తువాలు కదిలింది. ఆయన మళ్ళీ ఊపారు, ఈసారి కొంచెం తక్కువగా. ఎడమ ఎద్దు బుసకొట్టింది. ఆయన ఎద్దును చూశారు, గోడను చూశారు, అన్ని బొమ్మల ముందూ నిలబడ్డ జనాన్ని చూశారు. తల నిలువుగా ఊపారు.

గురవయ్య తువాలు లాగేశాడు.

కరస్పాండెంటు గారి మూడు వేళ్ళు నల్లగా ఉన్నాయి.